రేగడి మట్టి రిపోర్టులో ఏ వరస చూడాలి?

మాది ఆదిలాబాద్ జిల్లా, బేల దిక్కు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. అటు పాండర్‌కవడ దాకా పోయినా, ఇటు జైనథ్ దాకా వచ్చినా ఒకటే నల్లరేగడి, ఒకటే పత్తి. మా ఇంట్లో ముందు గది తలుపు ఎండాకాలం వేలితో తోస్తే మూసుకుంటుంది, వానలు మొదలై మూడు వారాలైందంటే భుజం పెట్టి నెట్టాలి. కట్టె తేమకు ఉబ్బుతోందని బాపు ఏటేటా వడ్లాయనను పిలిపించి రందా పట్టించేవాడు. తలుపు సన్నబడింది కానీ బిగుసుకోవడం మానలేదు. డిప్లొమా సివిల్ చదివేటప్పుడు సెలవులకు వచ్చి ఒకసారి లెవెల్ పెట్టి చూశాను. తలుపు బాగానే ఉంది, చౌకట్టే ఒక పక్కకు లేచింది. చౌకట్టు కింద గోడ, గోడ కింద పునాది, పునాది కింద రేగడి. లేచింది ఆ రేగడి.

ఇప్పుడు సైట్ పనులు చూస్తున్నాను, మట్టి శాంపిళ్ళు ల్యాబ్‌కు తీసుకుపోవడం, రిపోర్టు తెచ్చి ఇంటివాళ్ళకు చెప్పడం కూడా నా పనిలో భాగమే. ఈ మధ్య మా దిక్కు ఊళ్ళల్లో కూడా ఇల్లు కట్టేముందు మట్టి టెస్ట్ చేయిస్తున్నారు, సంతోషం. కానీ రిపోర్టు చేతికి రాగానే అందరి వేలూ ఒకే అంకె దగ్గర ఆగుతుంది: ఎస్‌బీసీ, అంటే ఈ నేల చదరపు మీటరుకు ఎన్ని టన్నులు మోస్తుంది అనేది. ఆ అంకె బాగుంటే మిగతా పేజీలు ఎవరూ తిప్పరు. రేగడి విషయంలో ఇదే పెద్ద పొరపాటు అని నా నమ్మకం. ఎర్రమట్టికైతే ఆ అంకె చాలావరకు సరిపోతుంది. రేగడి బరువు మోయలేక ఇళ్ళు చెడగొట్టడం తక్కువ, మీద ఉన్న బరువును పైకి ఎత్తి చెడగొట్టడమే ఎక్కువ. ఆ ఎత్తే గుణం చెప్పే వరసలు రిపోర్టులో వేరే ఉంటాయి. అవి ఏమిటో, ల్యాబ్‌లో వాటిని ఎట్లా తీస్తారో, ఎట్లా చదవాలో వివరంగా రాస్తాను.

ముందు ఈ మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కింద దక్కన్ మీద లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టింది. అదే డెక్కన్ ట్రాప్స్. మహారాష్ట్రలో చాలా భాగం దాని మీదే ఉంది, దాని అంచు మా జిల్లాలోకి కూడా వచ్చింది. ఆ నల్లరాయి బసాల్ట్. అందులో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఎక్కువ. వాన బాగా కురిసి నీళ్ళు జారిపోయే పడమటి కనుమల్లో ఇదే రాయి అరిగి అరిగి ఎర్రటి లాటరైట్ అయింది, ఎందుకంటే కరిగేవన్నీ కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం మిగిలాయి. మా దిక్కు నాలుగు నెలలు వాన, మిగతాదంతా ఎండ, పైగా నేల చదును. కరిగిన సిలికా, మెగ్నీషియం ఎటూ పోలేక అక్కడే ఉండిపోయి కొత్త ఖనిజంగా కట్టుకున్నాయి. దాని పేరు మోంట్‌మొరిల్లొనైట్, ఫ్రాన్స్‌లో మోంట్‌మొరిల్లాన్ అనే ఊరి పేరు మీద వచ్చింది. రేగడి గుణాలన్నీ దాదాపుగా ఈ ఒక్క ఖనిజం గుణాలే.

మట్టి నల్లగా ఉంది కాబట్టి సారం, సేంద్రియ పదార్థం బాగా ఉందని చాలామంది అనుకుంటారు. కాదు. రేగడిలో సేంద్రియ కర్బనం చాలాసార్లు ఒక శాతం కూడా ఉండదు. ఆ ఉన్న కొంచెం హ్యూమస్ బంకమట్టి రేణువులను గట్టిగా అంటిపెట్టుకుని ఉండటం, దానికి తోడు రాయి నుంచి వచ్చిన టైటానియం కలిసిన ఇనుప ఖనిజం, ఇవి ఆ నలుపుకు కారణాలు. రంగు చూసి ఎరువు తగ్గించుకున్న వాళ్ళు నాకు తెలుసు, అందుకే ఈ మాట చెప్తున్నా.

మోంట్‌మొరిల్లొనైట్ ఎందుకు ఉబ్బుతుంది? రేణువును పేకముక్కల కట్ట అనుకోండి. ఒక్కో ముక్క మందం ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ప్రతి ముక్కలో పైన ఒక సిలికా పొర, కింద ఒక సిలికా పొర, మధ్యలో అల్యూమినా పొర. ఆ మధ్య పొరలో అక్కడక్కడా అల్యూమినియం ఉండాల్సిన చోట మెగ్నీషియం కూర్చుంటుంది, దాంతో ముక్కకు రుణావేశం మిగిలిపోతుంది. దాన్ని సరిచేయడానికి ముక్కకూ ముక్కకూ మధ్య కాల్షియం, సోడియం అయాన్లు చేరతాయి. ఈ అయాన్లకు నీళ్ళంటే విపరీతమైన ఆకర్షణ. తేమ తగలగానే నీళ్ళను మధ్యలోకి లాక్కుంటాయి, ముక్కలు ఎడమవుతాయి. ఎర్రనేలల్లో ఎక్కువగా కనిపించే కెయొలినైట్‌లో ముక్కలు ఒకదానికొకటి హైడ్రోజన్ బంధాలతో గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీళ్ళకు సందు దొరకదు. తేడా అంతా అక్కడే ఉంది.

ముక్కల మధ్య సందులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి స్వచ్ఛమైన మోంట్‌మొరిల్లొనైట్‌కు గ్రాముకు దాదాపు 800 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే గ్రాముకు ఎనిమిది గుంటలు. ఐదు గ్రాములు, అంటే ఒక చెంచాడు, ఎకరం భూమి. కెయొలినైట్ గ్రాముకు పది ఇరవై చదరపు మీటర్లు ఉంటే ఎక్కువ. అంత ఉపరితలం మీద నీళ్ళు పట్టుకుంటుంది కాబట్టే బోరు లేకుండా కూడా మా దిక్కు పత్తి నిలబడుతుంది, యాసంగిలో శనగ, జొన్న మట్టిలో దాచిన తేమ మీదే పండుతాయి. ఇంటికి చేటు చేసే గుణం, పంటకు మేలు చేసే గుణం ఒకటే, అందుకే ఈ మట్టిని చెడ్డది అంటే మా బాపుకు కోపం వస్తుంది.

ఇక ల్యాబ్ సంగతి. శాంపిల్ తీసే నెల మొదటి ముఖ్య విషయం. మే నెలలో 45 డిగ్రీల ఎండకు నేల నెర్రెలు బాసి, గడ్డపారతో కొడితే నిప్పు రాలేటట్టు ఉంటుంది. అప్పుడు టెస్ట్ చేస్తే బలం అద్భుతంగా కనిపిస్తుంది. అదే చోట సెప్టెంబర్‌లో చూస్తే బూటు దిగబడుతుంది. కాబట్టి రిపోర్టులో తేదీ, శాంపిల్ తీసినప్పటి తేమ శాతం, ఈ రెండూ చూడకుండా ఎస్‌బీసీని నమ్మొద్దు. ల్యాబ్‌కు రెండు రకాలుగా మట్టి పోతుంది. ఒకటి పారతో తవ్వి బస్తాలో పోసినది. రెండోది ఇనుప గొట్టాన్ని నేలలోకి దింపి, ఉన్నది ఉన్నట్టుగా తీసి, తేమ పోకుండా రెండు చివరలా మైనం పోసి మూసినది. ఉబ్బే ఒత్తిడి లాంటివి కొలవాలంటే రెండోది కావాలి. చాలాసార్లు బస్తా మట్టి మాత్రమే పోతుంది, దానితో తేలేవి మాత్రమే తేలుతాయి.

ల్యాబ్‌కు వచ్చిన మట్టిని గాలికి ఆరబెట్టి, కట్టె సుత్తితో చిదుపుతారు. ఎండిన రేగడి పెళ్ళలు రాళ్ళ కంటే మొండివి, ఆ పని చేసే అన్న చేతులకు ఎప్పుడూ బొబ్బలే. తర్వాత 75 మైక్రాన్ల జల్లెడ మీద నీళ్ళతో కడిగితే మట్టిలో ఎక్కువ భాగం కిందికి పోతుంది, పైన కొంచెం ఇసుక, సున్నపు గుండ్లు మిగులుతాయి. కిందికి పోయినదాంట్లో ఎంత ఒండ్రు, ఎంత బంక అని తేల్చడానికి లీటరు జాడీలో కలిపి హైడ్రోమీటర్ తేలేస్తారు. పెద్ద రేణువు తొందరగా, చిన్న రేణువు నిదానంగా దిగుతుంది కాబట్టి గంటల తరబడి రీడింగ్ తీస్తే లెక్క వస్తుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకుని గడ్డకడితే లెక్క తప్పుతుంది, అందుకని సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపిన నీళ్ళు వాడతారు. 2 మైక్రాన్ల కంటే చిన్నవి బంకమట్టి.

ఇప్పుడు అసలు వరసలకు వద్దాం. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ 1911 ప్రాంతంలో మట్టి తేమను బట్టి నాలుగు స్థితుల్లో ఉంటుందని చెప్పి, ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే తేమ శాతాలకు హద్దులు పెట్టాడు. పారే స్థితి, మెత్తగా మలచగలిగే స్థితి, పొడిపొడిగా విరిగే స్థితి, పూర్తిగా గట్టిపడి ఇక కుదించుకుపోని స్థితి. మా రైతులకు ఇది కొత్త కాదు. వాన పడ్డాక పొలంలోకి పోయి, పిడికెడు మట్టి తీసి నొక్కి, ముద్ద కట్టిందా, విరిగిందా, వేళ్ళకు అంటిందా అని చూసి "ఇంకా పదును కాలేదు" అంటారు. తొందరపడి గుంటక పెడితే పెళ్ళలు లేచి ఎండాక రాళ్ళవుతాయి, ఆలస్యం చేస్తే గుంటక దిగదు. రేగడికి ఆ పదును రెండు మూడు రోజులే ఉంటుంది. మెత్తగా మలచగలిగే మట్టి విరగడం మొదలయ్యే హద్దును ల్యాబ్ వాళ్ళు ప్లాస్టిక్ లిమిట్ అంటారు, ఆ పదును ఉండేది దాదాపుగా దాని చుట్టుపక్కలే, కొంచెం కిందికి.

లిక్విడ్ లిమిట్, అంటే మట్టి పారడం మొదలయ్యే హద్దు, తీయడం చూడటానికి బాగుంటుంది. ఆర్థర్ కాసగ్రాండే 1932లో తయారు చేసిన పరికరం, ఒక చిన్న ఇత్తడి గిన్నె, పక్కన తిప్పే హ్యాండిల్. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిలో నీళ్ళు కలిపి, రేగడి కాబట్టి రాత్రంతా నాననిచ్చి, మర్నాడు పొద్దున గిన్నెలో వెన్న పూసినట్టు పూసి, మధ్యలో ఒక పనిముట్టుతో చాలు గీస్తారు. హ్యాండిల్ తిప్పితే గిన్నె సెంటీమీటరు ఎత్తు లేచి టక్కున పడుతుంది. సెకనుకు రెండు దెబ్బలు. దెబ్బ దెబ్బకూ చాలుకు రెండు పక్కలా ఉన్న మట్టి జారి దగ్గరకొస్తుంది, 12 మిల్లీమీటర్ల పొడవున కలిసిపోగానే ఆపి దెబ్బలు లెక్క రాసుకుంటారు. కొన్ని తేమల దగ్గర చేసి గ్రాఫ్ గీస్తే సరిగ్గా 25 దెబ్బలకు కలిసే తేమ ఎంతో తెలుస్తుంది, అదే లిక్విడ్ లిమిట్. మొదటిసారి నేను చేసినప్పుడు ఎన్ని దెబ్బలకూ చాలు కలవలేదు, నీళ్ళు ఇంకా పోయాలా అని అడిగితే అక్కడి టెక్నీషియన్ అన్న "ఇది రేగడి తమ్మీ, తాగుతూనే ఉంటది, పొయ్యి" అన్నాడు. నిజమే. ఎర్రమట్టి 30, 35 శాతం దగ్గర ఓడిపోతే రేగడికి 50 నుంచి 100 దాకా పోతుంది. వంద అంటే మట్టి బరువెంతో నీళ్ళ బరువు కూడా అంతే అని.

ప్లాస్టిక్ లిమిట్‌కు పరికరమే అక్కర్లేదు. మట్టి ముద్దను గాజు పలక మీద అరచేత్తో పాముతూ దారంలా చేస్తారు, 3 మిల్లీమీటర్ల లావుకు వచ్చేసరికి పగుళ్ళిచ్చి తెగితే ఆ తేమే ప్లాస్టిక్ లిమిట్. ఈ రెండింటి మధ్య తేడా ప్లాస్టిసిటీ ఇండెక్స్. ఉదాహరణకు లిక్విడ్ లిమిట్ 70, ప్లాస్టిక్ లిమిట్ 30 అనుకుందాం, ఇండెక్స్ 40. వర్గీకరణ చార్టులో ఏ-లైన్ అని ఒక గీత ఉంటుంది, లిక్విడ్ లిమిట్ నుంచి 20 తీసేసి 0.73తో గుణిస్తే ఆ గీత ఎక్కడుందో తెలుస్తుంది. ఇక్కడ 36.5. మన 40 దానికి పైన ఉంది, లిక్విడ్ లిమిట్ 50 దాటింది, కాబట్టి మట్టి సీహెచ్, అంటే అధిక ప్లాస్టిసిటీ ఉన్న బంకమట్టి. రిపోర్టులో సీహెచ్ అనే రెండక్షరాలు కనిపించాయంటే అక్కడే ఆగి మిగతా వరసలు జాగ్రత్తగా చూడాలి. మట్టి వర్గీకరణకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 1498లో ప్లాస్టిసిటీ ఇండెక్స్ 32 దాటితే ఉబ్బే గుణం చాలా ఎక్కువ అని రాసి ఉంది.

ష్రింకేజ్ లిమిట్‌ను జనం అసలు పట్టించుకోరు, నాకు మాత్రం ఇది చాలా ముఖ్యమైన అంకె. తడి మట్టిని ఎండబెడుతూ పోతే ఎంత నీరు పోతే అంత పరిమాణం తగ్గుతుంది, ఒక చోటికి వచ్చాక నీరు పోయినా మట్టి తగ్గదు. ఆ తేమ శాతమే ష్రింకేజ్ లిమిట్. రేగడికి ఇది 8 నుంచి 14 మధ్య ఉంటుంది, అంటే ఎముకల్లా ఎండేదాకా కుదించుకుంటూనే ఉంటుంది. వానకాలంలో 35, 40 శాతం తేమతో ఉన్న నేల మే నెలకు పైపొరలో 10 దగ్గరికి వస్తుంది, ఆ మధ్యదంతా కదలికే. పొలంలో చెయ్యి మోచేతి దాకా దిగే నెర్రెలు ఈ అంకె కంటికి కనిపించే రూపం. ఆ నెర్రెల్లో పైమట్టి రాలి పడటం, వానకు ఉబ్బి కింది మట్టి పైకి తోసుకురావడం ఏటా జరుగుతూ ఉంటుంది కాబట్టి నేల తనను తాను తిరగేసుకుంటుంది. శాస్త్రవేత్తలు ఈ నేలలకు పెట్టిన వర్టిసాల్ అనే పేరు తిరగడం అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. గుంత తవ్వి లోపలి పెళ్ళను విరిస్తే నూనె రాసినట్టు మెరిసే నున్నటి ముఖాలు కనిపిస్తాయి, ఒక ముక్క ఇంకో ముక్కను రాసుకుంటూ జరిగిన గుర్తులు అవి.

ఇక ఫ్రీ స్వెల్ ఇండెక్స్. నన్నడిగితే రేగడి మీద ఇల్లు కట్టే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క టెస్ట్ అయినా దగ్గరుండి చూడాలి, అంత తేలిక, అంత స్పష్టం. ఐఎస్ 2720లో 40వ భాగం ఇది, 1977 నాటిది. జల్లెడ పట్టిన పొడి మట్టి 10 గ్రాముల చొప్పున రెండు భాగాలు తూచి, గీతలున్న రెండు వంద మిల్లీలీటర్ల గాజు గొట్టాల్లో పోస్తారు. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో కిరోసిన్. గాజు కడ్డీతో మెల్లగా కలిపి గాలి బుడగలు పోయాక 24 గంటలు కదపకుండా వదిలేస్తారు. కిరోసిన్ ఎందుకంటే దాని అణువులకు నీటి అణువుల్లాగా విద్యుత్ కొసలు లేవు, పేకముక్కల మధ్యలోకి దూరలేవు, కాబట్టి మట్టి ఉబ్బకుండా ఉంటే ఎంత చోటు తీసుకుంటుందో అది చూపిస్తుంది. మర్నాడు పోయి చూస్తే కిరోసిన్ గొట్టంలో మట్టి ఇసుకలా అడుగున పడి ఉంటుంది. నీళ్ళ గొట్టంలో అదే మట్టి నానబెట్టిన సగ్గుబియ్యంలా పొంగి, కిరోసిన్ గీతకు రెండింతల ఎత్తున నిలబడి ఉంటుంది. లెక్క కోసం నీళ్ళలో 22 మిల్లీలీటర్లు, కిరోసిన్‌లో 10 అనుకుంటే తేడా 12, దాన్ని 10తో భాగించి వందతో గుణిస్తే 120 శాతం. 50 లోపు ఉంటే ఇబ్బంది తక్కువ, 50 నుంచి 100 మధ్యస్థం, 100 నుంచి 200 ఎక్కువ, 200 దాటితే చాలా ఎక్కువ. బాపును ఒకసారి తీసుకుపోయి చూపించాను. ఆ రెండు గొట్టాలను చాలాసేపు చూసి "గిదా మన ఇంటి కింద ఉన్నది" అన్నాడు. తర్వాతి ఏడు వడ్లాయనను పిలవలేదు.

ఈ టెస్ట్‌కు ఒక లోపం ఉంది, అది కూడా చెప్పాలి. కెయొలినైట్ ఎక్కువున్న మట్టి కిరోసిన్‌లోనే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అప్పుడు జవాబు మైనస్‌లో వస్తుంది. అందుకే బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన ప్రొఫెసర్ ఎ. శ్రీధరన్ తేడా బదులు నిష్పత్తి చూడమన్నారు, నీళ్ళ అంకెను కిరోసిన్ అంకెతో భాగించడమే. ఒకటిన్నర లోపు తక్కువ ఉబ్బు, రెండు దాటితే ఎక్కువ, నాలుగు దాటితే చాలా ఎక్కువ. పై ఉదాహరణలో 2.2.

గొట్టంలో మట్టి మీద బరువు ఏమీ లేదు, ఇంటి కింద మట్టి మీద ఉంటుంది కదా? దానికోసమే ఉబ్బే ఒత్తిడి టెస్ట్. ఇనుప రింగులో మట్టి బిళ్ళను పెట్టి, నీళ్ళు పోసి, అది లేవబోతుంటే లేవకుండా బరువు పెంచుతూ పోతారు. ఇక లేవదు అన్నప్పుడు ఉన్న ఒత్తిడే ఆ మట్టి ఉబ్బే ఒత్తిడి. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో వచ్చిందనుకోండి. చిన్నగా వినిపిస్తుంది కానీ చదరపు మీటరుకు లెక్కేస్తే 10 టన్నులు. ఇప్పుడు ఇంటి గచ్చు బరువు చూద్దాం. పది సెంటీమీటర్ల కాంక్రీటు చదరపు మీటరుకు పావు టన్ను లోపే, దాని కింద రెండడుగుల మట్టి నింపితే ఇంకో టన్ను, మొత్తం టన్నున్నర కూడా లేదు. కింద నుంచి 10 టన్నుల ఒత్తిడి తోస్తుంటే పైన టన్నున్నర గచ్చు ఏం ఆపుతుంది? అందుకే మా దిక్కు గది మధ్యలో గచ్చు ఉబ్బి పగులుతుంది, ముందు అరుగు, ప్రహరీ, బాత్‌రూమ్ లాంటి తేలికవి మొదట చీలతాయి, బరువు గోడలు చివరికి కదులుతాయి. కూలిపోతుందని భయపడి పునాదిని వెడల్పు చేసి బరువును పంచేవాళ్ళను చూశాను. ఈ మట్టి మీద దానివల్ల చదరపు మీటరు మీద పడే బరువు తగ్గి, ఎత్తడానికి నేలకు ఇంకా వీలవుతుంది.

ఇంకో సంగతి, ఇది మా దిక్కు అలవాటుకు సూటిగా తగిలేది. మట్టి మొదట ఎంత పొడిగా, ఎంత బిగువుగా ఉంటే ఉబ్బే ఒత్తిడి అంత ఎక్కువ. మనం ఇళ్ళు ఎప్పుడు మొదలుపెడతాం? పెళ్ళిళ్ళు అయిపోయి, పొలం పని లేని ఏప్రిల్, మే నెలల్లో. అంటే నేల ఎక్కువగా ఎండిపోయి, ఎక్కువగా కుదించుకుని ఉన్నప్పుడు పునాది పెడతాం, జూన్ చివర్లో వాన దంచుతుంది. పైగా డబ్బు మిగులుతుందని పునాది గుంతల్లో తీసిన రేగడినే బేస్‌మెంట్‌లో నింపి ధుమ్మస్ కొడతాం. పొడి రేగడిని గట్టిగా కొట్టి గచ్చు కింద పెట్టడం కంటే చెడ్డ పని ఇంకోటి లేదు. ఒక ట్రాక్టర్ మొరం ఖర్చు చూసి వెనకాడిన వాళ్ళు తర్వాత గచ్చు రెండుసార్లు వేయించుకున్నారు, అందులో మా ఇల్లు కూడా ఉంది.

రోడ్లకు సీబీఆర్, అంటే రోడ్డు కింది మట్టి ఎంత గట్టిదో చెప్పే శాతం, చూస్తారు, దీన్ని తొందరగా చెప్పేస్తాను. గట్టిపరిచిన మట్టిని నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి, 50 మిల్లీమీటర్ల లావు కడ్డీని రెండున్నర మిల్లీమీటర్లు దింపడానికి ఎంత బరువు పట్టిందో చూసి, ప్రామాణికమైన 1370 కిలోలతో పోల్చి శాతం వేస్తారు. నానిన రేగడికి 2 శాతం దగ్గర వస్తుంది, అంటే 27 కిలోలు, సగం సిమెంటు బస్తా చాలు. నానబెట్టకుండా చేస్తే ఎంతో ఎక్కువ వస్తుంది, కాబట్టి అంకె పక్కన నానబెట్టినదా కాదా అన్నది చూసుకోవాలి. ఊరి రోడ్ల అంచుల వెంట పొడవునా పడే చీలికలకు కారణం కూడా ఇదే మట్టి. రోడ్డు మధ్యలో తేమ మారదు, అంచున ఏడాదికోసారి ఎండి నానుతుంది.

ఖనిజం నిజంగా మోంట్‌మొరిల్లొనైటేనా అని తేల్చడానికి ఎక్స్-రే డిఫ్రాక్షన్ ఉంది. ఒక ముక్క మందం, దాని పక్క సందు కలిపి మామూలుగా 14, 15 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ నానోమీటరులో పదో వంతు) చూపిస్తుంది, ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరి పట్టిస్తే 17కు పెరుగుతుంది, 550 డిగ్రీల వేడి చేస్తే 10కి పడిపోతుంది. ఇల్లు కట్టేవాళ్ళకు అవసరం లేదు, పై టెస్టులు చాలు.

మరి రిపోర్టు ఎట్లా చదవాలి? నేనైతే ముందు తేదీ, తేమ చూస్తాను, తర్వాత సీహెచ్ ఉందా అని, తర్వాత ఫ్రీ స్వెల్ ఇండెక్స్, దాని వెంట ప్లాస్టిసిటీ ఇండెక్స్, ష్రింకేజ్ లిమిట్. ఉబ్బే ఒత్తిడి టెస్ట్ చేయకపోతే ఎందుకు చేయలేదని అడుగుతాను. రేగడి ఎంత లోతు ఉంది, కింద మొరమో రాయో ఎక్కడ తగిలింది అన్నది బోరు వివరాల్లో ఉంటుంది, అది కూడా అంతే ముఖ్యం. ఎస్‌బీసీ చివర్లో చూస్తాను. ఫ్రీ స్వెల్ 50 దాటిందంటే మామూలు పునాది మాట పక్కన పెట్టి ఇంజినీర్‌తో కూర్చోవాల్సిందే.

దారులు ఉన్నాయి. రేగడి నాలుగైదు అడుగులే ఉండి కింద మొరం తగిలితే పునాదిని అక్కడికి దింపడం తేలిక. లోతుగా ఉంటే అండర్-రీమ్డ్ పైల్స్, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ (సీబీఆర్‌ఐ) మన దేశంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. చేత్తో తిప్పే ఆగర్‌తోనే మూడున్నర మీటర్లు, అంతకంటే లోతు బోరు తీసి, అడుగున బోరు వెడల్పుకు రెండున్నర రెట్లు ఉండే గడ్డ ఆకారం తవ్వి కాంక్రీటు పోస్తారు. ఎండావానలకు తేమ పెద్దగా మారని లోతులో ఆ గడ్డ లంగరు వేసినట్టు ఉంటుంది, పైన మట్టి లేచినా పైల్ లేవదు. పైల్స్ మీద పోసే బీముకూ నేలకూ మధ్య దాదాపు 8 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి, లేకపోతే మట్టి ఉబ్బి బీమును కింద నుంచి తోస్తుంది. ఆ ఖాళీని మేస్త్రీలు మంచితనంతో మట్టి పెట్టి పూడ్చేస్తుంటారు, పక్కనే నిలబడి వద్దని చెప్పాలి.

గచ్చుల కిందికి, కాలువలకు ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి చెప్పిన సీఎన్ఎస్ పొర ఉంది. జిగట ఉండి ఉబ్బని మట్టిని, మన మొరం లాంటిదాన్ని, మీటరు దాకా మందంగా పరిచి గట్టిపరచడం. ఇసుక నింపితే సరిపోతుందని అనుకుంటారు, సరిపోదు, ఇసుక నీళ్ళను దాచి కింది రేగడికి తాగిస్తుంది. మొరం తెచ్చినా దానికి కూడా ఫ్రీ స్వెల్ టెస్ట్ చేయించాలి, రేగడి కలిసిన మొరం అమ్మేవాళ్ళు ఉన్నారు. సున్నం కలపడం ఇంకో దారి, రోడ్లకు ఎక్కువ వాడతారు. మట్టి బరువులో 3 నుంచి 8 శాతం సున్నం కలిపితే మొదట కాల్షియం పోయి సోడియం స్థానంలో కూర్చుని ప్లాస్టిసిటీ తగ్గిస్తుంది, తర్వాత నెమ్మదిగా సిమెంటులాంటి పదార్థం కట్టుకుంటుంది. కలిపాక మళ్ళీ ఫ్రీ స్వెల్ చేసి చూస్తే అంకె పడిపోయి ఉంటుంది.

ఇప్పటికే కట్టేసిన ఇంటికి చేయగలిగింది తేమ మారకుండా చూడటం ఒక్కటే. మా ఇంటికి అదే చేశాం. స్నానాల నీళ్ళు గోడ పక్కనే ఇంకేవి, వాటిని పైపుతో దూరంగా తీసుకుపోయాం. చుట్టూ నాలుగడుగుల వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు వేశాం, పైకప్పు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా పైపులు పెట్టాం. ఈశాన్యం మూల నుంచి ఐదారు అడుగుల దూరంలో ఉన్న వేపచెట్టు వేళ్ళు ఎండాకాలం ఆ మూల కింది తేమ లాగేస్తాయని తెలిసినా అవ్వ కొట్టనివ్వలేదు, నేనూ గట్టిగా అడగలేదు. రెండు వానకాలాలు గడిచాయి. చౌకట్టు పక్క చీలిక మీద పెన్సిల్‌తో తేదీ, వెడల్పు రాస్తున్నాను. జూలై అంకెకూ మే అంకెకూ తేడా మునుపటి కంటే తగ్గింది, పూర్తిగా పోలేదు. తలుపు ఇప్పుడు భుజంతో కాదు, చేత్తో నెడితే మూసుకుంటుంది. వేపచెట్టు వైపు గది తలుపు మాత్రం ఇంకా అట్లాగే ఉంది.